పిట్యూటరీని వాపుకు గురిచేసే మందే దాని క్యాన్సర్‌కు

పిట్యూటరీలో గడ్డ ఉందని స్కాన్‌లో తేలగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. నిజానికి మెదడు అడుగున శనగగింజంత ఉండే ఈ గ్రంథిలో వచ్చే గడ్డల్లో దాదాపు అన్నీ అక్కడే ఉండిపోతాయి. వెన్నుపాముకో కాలేయానికో పాకేవి 1,000లో ఒకటో రెండో. వాటినే ఇన్నాళ్లూ పిట్యూటరీ క్యాన్సర్ అన్నారు. ఇంత అరుదైన జబ్బుకు పెద్ద ట్రయల్ పెట్టాలంటే రోగులే దొరకరు. అందుకే దీని వైద్యం ఒక్కో రోగి అనుభవం మీదే నడిచింది.

ఆపరేషన్, రేడియేషన్ పనిచేయనప్పుడు ఏమిస్తారు? 2006లో మెదడు క్యాన్సర్ మందు టెమోజోలోమైడ్‌ను వాడి చూసిన డాక్టర్లు కొందరిలో గడ్డ తగ్గిందని రాశారు. అప్పటినుంచి కీమోలో అదే మొదటి మందు. చిక్కేమిటంటే, తగ్గిన గడ్డ చాలామందిలో మళ్లీ పెరుగుతుంది.

రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీకీ ఈ గ్రంథికీ పరిచయం మాత్రం చెడుగానే మొదలైంది. మన రోగనిరోధక కణాలకు బ్రేకులాంటి సీటీఎల్‌ఏ-4 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందును అమెరికాలో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగులకు ఇస్తే, 2003 నాటికే దుష్ప్రభావాల్లో పిట్యూటరీ వాపు కనిపించింది. తలనొప్పి, నీరసం, హార్మోన్లు పడిపోవడం. ఆ ప్రొటీన్ పిట్యూటరీ కణాల మీదా ఉంటుందని 2014లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపాక కారణం కొంత అర్థమైంది. ఆ మందే ఇపిలిముమాబ్.

2018లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు దాన్నే, అలాంటి మరో బ్రేకును అడ్డుకునే నివోలుమాబ్ అనే మందుతో కలిపి, అడ్రినల్ గ్రంథులను పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోన్‌ను విపరీతంగా వదిలే పిట్యూటరీ క్యాన్సర్ ఉన్న ఒక మహిళకు ఇచ్చిన సంగతి ప్రచురించారు. కాలేయంలోని పెద్ద గడ్డ 92 శాతం, తలలోనిది 59 శాతం కుంచించుకుపోయాయి. రక్తంలో మిల్లీలీటరుకు 45,550 పికోగ్రాములున్న ఏసీటీహెచ్ 66కు దిగింది. ఆమె గడ్డలో జన్యుమార్పులు లెక్కకు మించి ఉన్నాయి. అవి టెమోజోలోమైడ్ వాడాకే పెరిగాయి. మార్పులు ఎక్కువైతే రోగనిరోధక కణాలు ఆ గడ్డను పరాయిదని గుర్తుపట్టడం సులువు. అంటే ఓడిపోయిందనుకున్న కీమోనే తర్వాతి మందుకు దారి వేసి ఉండొచ్చు. నాకైతే ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇదే.

ఒక్కరి ఫలితాన్ని పట్టుకుని మందు దొరికిందనలేం. తర్వాత వాడినవాళ్లలో కొందరికి పనిచేసింది, కొందరికి లేదు. ఏసీటీహెచ్ గడ్డల్లో కాస్త మెరుగు, పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్‌ను వదిలే గడ్డల్లో తక్కువ. ఆ ఆసుపత్రే ఈ రెండు మందుల జోడీతో ఫేజ్-2 ట్రయల్ (మందు పనిచేస్తుందో లేదో కొద్దిమందిలో చూసే దశ) పెట్టింది. ఇక వాపు భయమంటారా, ఈ దశకు వచ్చేసరికి చాలామందికి ఆపరేషన్లు, రేడియేషన్ వల్ల గ్రంథి అప్పటికే దెబ్బతిని ఉంటుంది, వాళ్లు హార్మోన్ మాత్రలు మింగుతూనే ఉంటారు, కాబట్టి ఆ నష్టం వాళ్లకు పెద్దగా కొత్తది కాదు.