చేతులు ఆనించకుండా లేవగలరా?

విటమిన్ డి మాత్రల గొడవ మళ్లీ మొదలైంది. ఇంటిపట్టున ఉండే 60 ఏళ్లు పైబడినవారికి, పడిపోకుండా ఉండటం కోసమని ఈ మాత్రలు ఇవ్వొద్దని జబ్బుల నివారణపై డాక్టర్లకు సిఫార్సులు చేసే నిపుణుల బృందం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్, 2024 డిసెంబరు ముసాయిదాలో చెప్పింది. విటమిన్ లోపం ఉన్నవారికి ఇది వర్తించదు. అయినా ‘మరి అమ్మకి ఏం ఇవ్వాలి?’ అని చాలామందికి టెన్షన్ పట్టుకుంది. అసలు ప్రశ్న ఏం ఇవ్వాలన్నది కాదు. అసలు ప్రశ్న ఏమిటో తెలియాలంటే 1995కి వెళ్లాలి.

ఆ ఏడాది మార్చిలో అమెరికాలో 65 ఏళ్లు దాటిన 9,516 మంది శ్వేతజాతి మహిళలను సగటున నాలుగేళ్లు గమనించిన అధ్యయనం వచ్చింది. తుంటి ఎముక ఎవరికి విరుగుతోందో అందులో చూశారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేనివారికి ఆ ముప్పు దాదాపు రెట్టింపు ఉంది. ఎముకల సాంద్రతను లెక్కలోకి తీసుకున్నా ఆ ముప్పు పోలేదు. రోజుకు నాలుగు గంటలకు మించి కాళ్ల మీద ఉండనివారికీ ముప్పు ఎక్కువే.

అదే ఏడాది సెప్టెంబరులో ఎముకలు గుల్లబారడానికి వాడే అలెండ్రోనేట్ మాత్రకు అక్కడ అనుమతి వచ్చింది. అంతకు ముందు ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎముక సాంద్రతకు −2.5 అనే గీత గీసింది. స్కాన్‌లో వచ్చే అంకె అంతకు దిగితే ఎముకలు గుల్లబారినట్టు. స్కాన్, అంకె, మాత్ర మూడూ చక్కగా కుదిరాయి. ఆ మాత్ర మంచిదే, ఎముకలు గుల్లబారినవారికి విరుగుళ్లు తగ్గిస్తుంది. కానీ ఎముక బలపడినంత మాత్రాన మనిషి తూలడం ఆగదు. నా దృష్టిలో కుర్చీ మాట మరుగున పడింది అప్పుడే.

‘అమ్మ పనులన్నీ తనే చేసుకుంటుంది’ అని పిల్లలు నిజాయితీగానే చెబుతారు. ఆవిడ కుర్చీలోంచి ఎలా లేస్తోందో ఒక్కసారి చూడండి. ముందుకు జరిగి కూర్చుంటుంది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద గట్టిగా నొక్కుతుంది. మొదటిసారి లేవలేక, రెండోసారి ఊగి లేస్తుంది. లేచాక అడుగు వేయడానికి కాసేపు ఆగుతుంది. పని చేయగలరా లేదా అని అడిగే ప్రశ్నపత్రాలకు ఇదేమీ అందదు.

1997లో న్యూజిలాండ్‌లో 80 దాటిన 233 మంది మహిళలతో ప్రయోగం చేశారు. సగం మంది ఇళ్లకు ఫిజియోథెరపిస్ట్ రెండు నెలల్లో నాలుగుసార్లు వెళ్లి కాళ్ల బలానికి, నిలకడకు వ్యాయామాలు నేర్పారు. ఏడాదిలో వారు 88 సార్లు పడ్డారు, మిగతా సగం మంది 152 సార్లు పడ్డారు. ఇక మాత్ర సంగతి చూస్తే, ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది మహిళల్లో కొందరికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. 2010లో ఫలితాలు వచ్చాయి. వారు మిగతావారికన్నా 15 శాతం ఎక్కువసార్లు పడ్డారు.

వ్యాయామం కూడా పనిచేయలేదనేవారు 2020లో 5,451 మందిపై అమెరికాలో జరిగిన ప్రయోగాన్ని చూపిస్తారు. పడిపోకుండా నర్సులు ఒక్కొక్కరికీ ప్రణాళికలు వేసినా తీవ్రమైన గాయాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కానీ అక్కడ పరీక్షకు పెట్టింది మందులు, చూపు, ఇల్లు అన్నీ కలిపిన ప్రణాళికను. వ్యాయామం ఒక్కదాన్నే తూచిన ప్రయోగాలన్నీ 2019లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చింది. పడటాలు 23 శాతం తగ్గాయి. పాల్గొన్నవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా మహిళలే. అదే టాస్క్‌ఫోర్స్ 2024 జూన్‌లో, పడే ముప్పున్న 65 దాటినవారికి వ్యాయామం చేయించమని చెప్పింది. ఆ వార్త ఇంతగా పాకలేదు.

ఇప్పుడు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ డాక్టర్లకు ఇచ్చే పరీక్షల్లో కుర్చీ ఉంది. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడతారో లెక్కపెడతారు. 75–79 ఏళ్ల మహిళ పదిసార్లకు తక్కువ లేస్తే ముప్పున్నట్టే. చేతులు ఆనించాల్సి వస్తే ఎన్నిసార్లు లేచినా సున్నా వేస్తారు.