విశాఖలో చదువు ఖర్చు: దాతల సొమ్ము నుంచి ఫీజు రశీదు దాకా

కంచరపాలెంలో ఉండే మా వదిన దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంది. పాల లెక్క, చీటీల లెక్క అందులో కనిపించవు. కూతురి చదువు ఖర్చు ఒక్కటే ఉంటుంది. పేజీకి నాలుగు గళ్లు గీసుకుంది: ఫీజు, పుస్తకాలు-బట్టలు, వ్యాను, ట్యూషన్. పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి మొదటి గడి కంటే మిగిలిన మూడింటి మొత్తమే పెద్దదైపోయింది. మా అన్నయ్య పోర్టులో కాంట్రాక్టు కార్మికుడు. జూన్ నెల జీతాన్ని ఆ పుస్తకమే మింగేసేది. ఈ గళ్లు మన ఇళ్లలోకి ఎప్పుడు వచ్చాయో చూద్దామని వెనక్కి తవ్వుకుంటూ వెళ్లాను. ఖర్చు పెరిగిన ప్రతి చోటా దాన్ని తగ్గించే దారి కూడా ఒకటి ఏదో చట్టంలోనో, జీవోలోనో పుట్టింది. పెరిగిన ఖర్చు దానంతటదే గుమ్మం తొక్కుతుంది, తగ్గించే దారిని మాత్రం మనమే వెతుక్కోవాలి.

ఈ ఊళ్లో పెద్ద చదువులు దాతల సొమ్ముతో నిలబడ్డాయి. 1860లో బడిగా మొదలై 1878లో కళాశాలగా ఎదిగిన మిసెస్ ఏవీఎన్ కాలేజీ పేరులో ఉన్నది అంకితం వెంకట నరసింగరావు, పేరు ముందున్న మిసెస్ ఆయన భార్య. 1923లో వైద్య కళాశాల వచ్చింది. 1926లో బెజవాడలో ఆరంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు చేరింది. దానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఒక గుమాస్తా జీవితమంతా పనిచేసినా కళ్లచూడలేని మొత్తమది. ఆ డబ్బు పడింది కాబట్టే ఇక్కడ సైన్సు చదువు వేళ్లూనింది.

వీటికి కింద ఎయిడెడ్ బడులు ఉండేవి. ప్రైవేటు యాజమాన్యం నడిపే బడికి ప్రభుత్వం గ్రాంటు ఇచ్చే ఈ పద్ధతికి 1854 నాటి వుడ్ నివేదిక పునాది. భవనం యాజమాన్యానిది, ఉపాధ్యాయుడి జీతం సర్కారుది. అందువల్ల ఫీజు నామమాత్రంగా ఉండేది. విశాఖలో మిషనరీ బడుల్లో చదువుకున్న తరాలకు చదువు బరువుగా తోచకపోవడానికి కారణం ఇదే. తర్వాత ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయినా నింపడం ఆగిపోయింది. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే నిర్ణయం వచ్చినప్పుడు విశాఖలోనూ తల్లిదండ్రులు రోడ్డెక్కారు. తక్కువ ఫీజు బడి ఎయిడ్ పోగొట్టుకుంటే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు.

ఇంకో గొడుగు కర్మాగారాలది. 1941లో షిప్‌యార్డుకు శంకుస్థాపన, 1957లో రిఫైనరీ, 1966లో భారీ యంత్ర పరికరాలు చేసే బీహెచ్‌పీవీ, 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి. క్వార్టర్సుతో పాటు బడులు వచ్చాయి. ఉద్యోగి పిల్లల చదువు భారంలో సంస్థ ఒక వాటా మోసింది. ఇప్పటికీ నౌకాదళంలో పనిచేసే పౌర సిబ్బందికి, రైల్వే ఉద్యోగులకు పిల్లల విద్యా భత్యం ఉంది. 2024 జనవరి నుంచి అది ఒక్కో బిడ్డకు నెలకు 2,812.50 రూపాయలు, ఇద్దరు పిల్లల వరకు. అదే రైల్వే యార్డులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడికి పైసా రాదు. ఊళ్లో పర్మినెంటు ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు పనులు పెరిగిన కొద్దీ ఈ గొడుగు కింది నుంచి వేల కుటుంబాలు బయటపడ్డాయి. చదువు ఖర్చు గురించి రాసేవాళ్లు ఫీజుల పెరుగుదల చెబుతారు కానీ, ఈ మాట సాధారణంగా చెప్పరు. నాకైతే ఇదే పెద్ద మార్పుగా కనిపిస్తుంది.

ఇక ఇంటర్మీడియట్. 1969లో రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్ వచ్చింది, 1971లో బోర్డు ఏర్పడింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం ఫీజు కాకుండా గుంజే సొమ్మును, నిషేధిస్తూ చట్టం చేసింది. సీటు డబ్బుకు కాకుండా ప్రతిభకు దక్కాలన్నది ఉద్దేశం. ఆ వరుసలోనే 1986లో ఎంసెట్ మొదలైంది. మంచి చట్టమే, కానీ డబ్బు చోటు మార్చుకుంది. సీటు దగ్గర ఇవ్వాల్సిన సొమ్ము ర్యాంకు దగ్గరకు, అంటే కోచింగుకు చేరింది. కోస్తాలోని మిగతా పట్టణాల్లో వేళ్లూనిన రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల పద్ధతి విశాఖకూ వచ్చింది. ద్వారకానగర్ వీధులు కోచింగ్ బోర్డులతో నిండిపోయాయి. మధ్యతరగతి ఇల్లు బీటెక్ నాలుగేళ్లకు పెట్టే ఖర్చు కంటే ఇంటర్ రెండేళ్లకు పెట్టేదే ఎక్కువైన సందర్భాలు నా చుట్టూ చాలా చూశాను. అప్పు పుట్టేది ఇక్కడే. తగ్గించుకోవడానికి ఎక్కువ వీలున్నదీ ఇక్కడే.

బీటెక్ వైపు ఖర్చు ఒకింత అదుపులో ఉండటానికి న్యాయస్థానాలు, ప్రభుత్వాలు రెండూ కారణం. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఉచిత సీట్లు, పేమెంట్ సీట్లు అనే విభజన తెచ్చింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు దాన్ని పక్కన పెట్టింది. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చాక మన రాష్ట్రంలో బీటెక్ పేదింటికి అందింది. తర్వాత పథకం పేరు మారింది. డబ్బు కళాశాలకు వెయ్యాలా, తల్లి ఖాతాకా అన్నది కూడా మారుతూ వచ్చింది. మారనిది ఒకటి ఉంది: ర్యాంకును బట్టి కౌన్సెలింగులో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే ఇది వర్తిస్తుంది, కాలేజీ తానే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. పేరున్న కాలేజీ అని మేనేజ్‌మెంట్ సీటు తీసుకుని, తర్వాత రీయింబర్స్‌మెంట్ కోసం తిరిగే తండ్రుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కౌన్సెలింగుకు ముందే ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే లక్షలు మిగిలేవి.

బడి ఫీజు కథ వేరు. 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో యాజమాన్యం లాభం 5 శాతం మించకూడదు, సగం సిబ్బంది జీతాలకు పోవాలి. ముప్పై ఏళ్లు దాటిన ఈ కాగితం గురించి ఫీజు కట్టే తల్లిదండ్రుల్లో ఎందరు విన్నారు? 2019లో పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చట్టం వచ్చింది. 2021 ఆగస్టులో 53, 54 నంబర్ల జీవోలు ఫీజులకు హద్దు గీశాయి. విశాఖ నగరపాలక సంస్థ కాబట్టి ఇక్కడ ప్రాథమిక తరగతులకు ఏడాదికి 12,000, ఉన్నత పాఠశాలకు 18,000, ఎంపీసీ, బైపీసీలకు 20,000 అన్నారు. కొన్ని నెలలు ఇళ్లలో ఆశ పుట్టింది. డిసెంబరులో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. ఫీజు మళ్లీ బడి ఇష్టమైంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని అందులోని 12వ సెక్షన్ చెబుతుంది. మన రాష్ట్రంలో అది పట్టాలెక్కడానికి 2022-23 వరకు పట్టింది. ఒకటో తరగతి దాటితే ఈ దారి మూసుకుపోతుంది. బిడ్డకు ఐదేళ్లు వస్తున్న ఇంట్లో ఆ దరఖాస్తు తేదీని క్యాలెండరు మీద రాసిపెట్టుకోవాలి.

వదినకు పనికొచ్చింది అదే చట్టంలోని ఐదో సెక్షన్. 2022లో ఏడో తరగతి అయ్యాక పిల్లను నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఉన్నత పాఠశాలకు మార్చాలనుకుంది. పాత బడిలో టీసీ అడిగితే వచ్చే ఏడాది ఫీజులో కొంత కట్టమన్నారు. కౌంటరు ముందు నిలబడి, "ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వండి బాబూ" అంది. రాసి ఇవ్వలేదు, టీసీ కూడా ఇవ్వలేదు. ప్రభుత్వ బడికి వెళ్లే బిడ్డను టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. ప్రధానోపాధ్యాయురాలు ఆ రోజే పేరు రాసుకున్నారు. టీసీ మూడు వారాల తర్వాత వచ్చింది.

ఆ మార్పుతో ఇంకో దారి తెరుచుకుంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏటా 12,000. మేనకోడలు నెగ్గింది. ఆ స్కాలర్‌షిప్ సాగాలన్నా రెగ్యులర్ ప్రభుత్వ చదువులోనే ఉండాలి కాబట్టి పదో తరగతి తర్వాత ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చేరింది. చుట్టాలు నొచ్చుకున్నారు. "ఆడపిల్ల భవిష్యత్తు" అన్నారు. 2025 జనవరి నుంచి అక్కడ మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం కింద అర్హత ఉన్న ఇళ్లలో బడికీ, ఇంటర్‌కూ వెళ్లే ప్రతి బిడ్డ పేరునా తల్లి ఖాతాలో 13,000 పడుతున్నాయి. లెక్కల ట్యూషన్ ఒక్కటే పెట్టించారు. మిగతా సాయంత్రాలు పిల్ల ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయంలో కూర్చుంటుంది.

ఆదాయపు పన్ను కట్టే ఇళ్లకు ఒక చిన్న మాట. పాత పన్ను విధానంలో ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుకే మినహాయింపు ఉంది. అభివృద్ధి నిధి, విరాళం లెక్కలోకి రావు. అందుకే రశీదు విడివిడి పద్దులతో అడిగి తీసుకోవాలి. విడగొట్టిన రశీదు చేతిలో ఉంటే మనం దేనికి ఎంత కడుతున్నామో కూడా తెలుస్తుంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు వదిన ఆ నోటుపుస్తకం తీసి చూపించింది. ఈ ఏడాది పేజీలో మూడో గడి ఆగస్టు దాకా బస్సు చార్జీలతో ఉంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితమయ్యాక ఆ గడిలో నెలనెలా ఒక అడ్డగీత ఉంది. జనవరి గడిలో గీత ఇంకా గీయలేదు. "నెలాఖరుకి గీస్తాను" అని పుస్తకం మూసి బీరువాలో పెట్టింది.