అపోస్టిల్ ఉన్న విడాకుల డిక్రీ ఇక్కడ ఎందుకు ఓడిపోతోంది?

అమెరికా కోర్టులో విడాకులు తీసుకుని, ఆ డిక్రీకి అపోస్టిల్ (ఒక దేశపు పత్రం ఇంకో దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించుకుని వచ్చి, ఇక్కడ రెండో పెళ్లి చేసుకున్న భర్తల మీద చర్చ మళ్లీ మొదలైంది. వాళ్ల తరఫు వాదన ఎప్పుడూ ఒకటే: కోర్టు ఇచ్చిన కాగితం, పైన ప్రభుత్వ ముద్ర, ఇంకేం కావాలి? మొదటి భార్యలు అడిగేది వేరు. మా పెళ్లిని రద్దు చేసే అధికారం ఆ కోర్టుకు ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి వాదన కాగితం గురించి, రెండో ప్రశ్న తీర్పు గురించి. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే ఇంత గందరగోళం.

అపోస్టిల్ పుట్టుక, దాన్ని తెచ్చిన 1961 నాటి హేగ్ అంతర్జాతీయ ఒప్పందం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే మాత్రం తిరుపతిలో జరిగిన ఒక పెళ్లి దగ్గర మొదలుపెట్టాలి.

1975 ఫిబ్రవరిలో జరిగిన పెళ్లి అది. మూడేళ్లకే దంపతులు విడిపోయారు. భర్త ముందు తిరుపతి సబ్ కోర్టులోనే విడాకులకు పిటిషన్ వేశాడు. తాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఉంటున్నానని, భారత పౌరుణ్ణని అందులో రాసుకున్నాడు. అది తేలకముందే మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టుకు వెళ్లాడు. అక్కడ 90 రోజులు నివాసం ఉంటే చాలు, విడాకులు అడగొచ్చు. ఆ కోర్టుకు అధికారం లేదని భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం రాసి పంపింది. అయినా 1980 ఫిబ్రవరిలో, ఆమె లేకుండానే, ఈ కాపురం ఇక నిలబడదన్న ఒక్క కారణంతో డిక్రీ వచ్చేసింది. ఆ కారణం హిందూ వివాహ చట్టంలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తిరుపతి పిటిషన్‌ను భర్త కొట్టివేయించుకున్నాడు. 1981 నవంబర్‌లో యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు.

మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టింది. మిస్సోరీ డిక్రీ జిరాక్స్ చూసి మేజిస్ట్రేట్ 1986లో నిందితులను వదిలేశారు. ఆ జిరాక్స్ సాక్ష్యంగా పనికిరాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరుసటి ఏడాది ఆ ఉత్తర్వును రద్దు చేసింది. విషయం సుప్రీంకోర్టుకు చేరి, 1991 జూలై 9న తీర్పు వచ్చింది. భర్త పేరు మీద లాయర్లు దీన్ని నరసింహారావు కేసు అంటారు. సుప్రీంకోర్టు తీర్పుల సంకలనం ఎస్‌సీసీలో 1991 మూడో సంపుటం, 451వ పేజీలో ఉన్న తీర్పు ఇదే. రాసింది జస్టిస్ పి.బి. సావంత్.

ఆ తీర్పులో రెండు భాగాలున్నాయి. అందరూ గుర్తుపెట్టుకున్నది ఒక్కదాన్నే. డిక్రీ కాపీ మీద అక్కడి కోర్టు క్లర్క్ ధ్రువీకరణ ఉంది, సీలు ఉంది. కానీ సాక్ష్య చట్టం 86వ సెక్షన్ అడిగిన ధ్రువీకరణ, అంటే ఆ దేశంలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ఇవ్వాల్సింది, లేదు. కాబట్టి ఆ కాపీ చెల్లదని కోర్టు తేల్చింది. ఇది కాగితం సంగతి.

కోర్టు అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేదు. కాగితం సక్రమంగా ఉన్నా సరే, ఈ తీర్పును ఒప్పుకోవాలా అన్న ప్రశ్న కూడా తీసుకుంది. 90 రోజుల షరతును భర్త విడాకుల కోసమే సాంకేతికంగా పూర్తి చేసుకున్నాడని గమనించింది. తర్వాత అందరికీ వర్తించే సూత్రం చెప్పింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో, ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులివ్వాలి. మినహాయింపులు మూడే. ఎదుటి మనిషి స్థిరంగా ఆ దేశంలోనే ఉంటూ, మన చట్టంలో ఉన్న కారణం మీద విడాకులు మంజూరు కావడం. ఆమె తనంతట తాను ఆ కోర్టుకు లోబడి, మన చట్టంలోని కారణం మీద వేసిన ఆ కేసులో ఎదురు వాదించడం. లేదా విడాకులకు ఒప్పుకోవడం. నోటీసు అందితే చాలదు, అభ్యంతరం రాసి పంపినంత మాత్రాన లోబడినట్టు కాదు.

పెళ్లి చేసుకుని వీసా కోసం అత్తారింట్లోనో పుట్టింట్లోనో ఎదురుచూస్తూ, కొరియర్‌లో టెక్సాస్ కోర్టు సమన్లు అందుకున్న ఆడపిల్లకు ఈ తీర్పే అండ. విమానం టికెట్టుకే డబ్బుల్లేని మనిషి అక్కడ లాయర్‌ను పెట్టుకుని వాదించుకోవాలనడం ఎంత అన్యాయమో ఆ రోజు కోర్టు గుర్తించింది.

తర్వాత పరిస్థితి మారింది, సగమే. భారత్ 2004లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. 2005 జూలై 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. సభ్య దేశాల్లో అపోస్టిల్ వేసిన పత్రాలను ఇక్కడ అందరూ ధ్రువీకరించినవిగానే చూడాలని మన విదేశాంగ శాఖ చెబుతోంది. టెక్సాస్ డిక్రీ అయితే ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు, న్యూజెర్సీ డిక్రీ అయితే అక్కడి ట్రెజరీ శాఖ ముద్ర వేస్తుంది. కాగితం చిక్కు చాలావరకు తీరిపోయింది. తీర్పు చిక్కు మాత్రం 1991లో ఉన్న చోటే ఉంది. సంతకం, హోదా, సీలు నిజమైనవని చెప్పడమే అపోస్టిల్ పని అని ఆ ఒప్పందం 5వ అధికరణమే అంటోంది. లోపలి తీర్పు సరైనదో కాదో అది చెప్పదు.

విదేశీ విడాకుల గుర్తింపు కోసం 1970లో విడిగా ఇంకో హేగ్ ఒప్పందం వచ్చింది. అందులో భారత్ లేదు, అమెరికా కూడా లేదు. మన లా కమిషన్ 1976లోనే, 65వ నివేదికలో, ఈ విషయం మీద చట్టం తేవాలని సూచించింది. ఆ చట్టం ఇంతవరకూ రాలేదు.

భర్తల కష్టమూ లేకపోలేదు. ఇద్దరూ పదేళ్లు అక్కడే ఉండి, పిల్లలు అక్కడే పుట్టాక, వాయిదా వాయిదాకూ ఇండియా రావాలంటే ఉద్యోగం ఉండదు. అలాంటి జంటలకు మినహాయింపులు చాలావరకు వర్తిస్తాయి. గొడవంతా వర్తించని వాళ్లతోనే.

ఇక్కడి డిక్రీ విదేశాలకు వెళ్లేటప్పుడూ ఇదే పొరపాటు. చాలామంది డిక్రీ జిరాక్స్ తీసి, నోటరీ చేయించి, దానిమీద అపోస్టిల్ వేయిస్తారు. అప్పుడు ఆ ముద్ర నిజమని చెప్పేది నోటరీ సంతకాన్ని, కోర్టు డిక్రీని కాదు. ఫ్యామిలీ కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టి, దాన్నే రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణకు, అక్కడి నుంచి విదేశాంగ శాఖకు పంపాలి. శాఖ తీసుకునే అపోస్టిల్ ఫీజు 50 రూపాయలు, ఏజెంట్లు వేలల్లో అడుగుతారు. పెద్దమనుషుల ముందు స్టాంపు పేపర్ మీద రాసుకుని నోటరీ చేయించిన విడాకుల ఒప్పందాలది ఇంకా దయనీయమైన పరిస్థితి. అసలు కోర్టు తీర్పే లేనప్పుడు ఏ ముద్ర వేయించినా విదేశీ ఆఫీసు దాన్ని కోర్టు డిక్రీగా తీసుకోదు. పెళ్లి, విడాకుల పత్రాలు చేయొద్దని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబర్‌లో నోటరీలకు చెప్పాల్సి వచ్చింది.

దేశాన్ని బట్టి కూడా దారి మారుతుంది. సౌదీ 2022 డిసెంబర్‌లో, కెనడా 2024 జనవరిలో అపోస్టిల్ దారికి వచ్చాయి. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు ఎంబసీ అటెస్టేషన్ తప్పదు. జర్మనీ ఆ ఒప్పందంలో మన చేరికకే అభ్యంతరం చెప్పింది కాబట్టి మన అపోస్టిల్ అక్కడ పనిచేయదు. పైగా భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశ పౌరులైతే, మన విడాకులను అక్కడి రాష్ట్ర న్యాయశాఖ విడిగా గుర్తించాకే మళ్లీ పెళ్లి. కాగితాన్ని, తీర్పును వేరువేరుగా పరీక్షించే పద్ధతి అక్కడ బాహాటంగానే ఉంది.

ఇప్పుడు రోడ్డెక్కిన కేసుల్లోనూ చూడాల్సింది డిక్రీ లోపలి పేజీలే: భార్య ఆ కోర్టుకు హాజరైందా, ఒప్పుకుందా, ఏ కారణం మీద విడాకులిచ్చారు. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి. విదేశీ కోర్టు తీర్పు ఇక్కడ ఎప్పుడు చెల్లదో చెప్పే, 1991 సూత్రాలకు ఆధారమైన సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ మాత్రం అలాగే ఉంది.