శ్రీలంకలో మన సైన్యం (1987–90): తరచూ వినే అపోహలు, నేనెరిగిన వాస్తవాలు

గుంటూరు కళాశాలల్లో ఎన్‌సీసీ విద్యార్థులతో మాట్లాడేటప్పుడూ, బ్రాడీపేటలో సాటి విశ్రాంత ఉద్యోగులతో కూర్చున్నప్పుడూ, నేను పదాతిదళ అధికారిగా శ్రీలంకలో పనిచేశానని తెలియగానే ఎదురయ్యే ప్రశ్నల్లో సగం అపోహల మీద నిలబడినవే. అప్పటి సంగతులు చెప్పగలిగినవారు తగ్గిపోతున్నారు కనుక ముఖ్యమైన వాటికైనా సమాధానం రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అపోహ: మన సైన్యం, శ్రీలంకలో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈతో యుద్ధం చేయడానికే వెళ్లింది.

వాస్తవం: మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే 1987 జులై 29న కొలంబోలో ఒప్పందంపై సంతకాలు చేశారు, మరునాడే మన దళాలు ఉత్తర శ్రీలంకలో జాఫ్నా దగ్గరి పలాలీ విమానాశ్రయంలో దిగడం మొదలైంది. తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించేలా, శ్రీలంక సైన్యం శిబిరాలు దాటకుండా చూడడమే మాకు ఇచ్చిన పని. జాఫ్నా ప్రజలు మొదట్లో మాకు పూలదండలు వేశారు. అక్టోబరు మొదటి వారంలో, శ్రీలంక నిర్బంధంలో ఉన్న పన్నెండు మంది ఎల్‌టీటీఈ సభ్యులు సైనైడ్ మింగి మరణించడంతో పరిస్థితి పూర్తిగా తిరగబడింది. కొద్ది రోజుల్లోనే ఎల్‌టీటీఈతో పోరు మొదలై, ఇరుపక్షాల మధ్య నిలబడవలసిన మేము స్వయంగా ఒక పక్షమయ్యాము. ఒక వారం మంచినీళ్లు ఇచ్చిన వీధిలోనే మరుసటి వారం తుపాకులు పేలితే, ఎదుట నిలిచినవాడు పౌరుడో పోరాటయోధుడో ఇరవై ఏళ్ల జవాను క్షణంలో తేల్చుకోవలసి వచ్చేది. ఆ యుద్ధం గురించి ఎవరు ఏ తీర్పు చెప్పినా ఈ మార్పును లెక్కలోకి తీసుకోవాలన్నదే నా అభిప్రాయం.

అపోహ: అది ఐక్యరాజ్యసమితి శాంతి దళం.

వాస్తవం: కాదు. రెండు దేశాల మధ్య ఒప్పందం మేరకే వెళ్లాము. మాకు నీలి టోపీలు లేవు, ఐరాస భత్యాలూ లేవు.

అపోహ: అంత పెద్ద సైన్యానికి జాఫ్నా రెండు రోజుల పని.

వాస్తవం: బాపట్ల వైపు తాటితోపులు, తాటాకు దడులు చూసినవారు జాఫ్నా ఊళ్లను సులభంగా ఊహించుకోగలరు. ఆ దడుల మధ్య ఇరుకు సందుల్లో, జనం నివసిస్తున్న ఇళ్ల నడుమ పోరాడవలసి వచ్చింది. రోడ్ల కింద పాతిన మందుపాతరలను దూరం నుంచి తీగలతో పేల్చేవారు; ప్లాస్టిక్ డబ్బాల్లో అమర్చిన వాటిని లోహశోధక యంత్రాలు పసిగట్టడం కష్టం. వారి చేతుల్లో ఏకే-47లు ఉంటే, మన జవాన్ల దగ్గర ఎక్కువగా ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండే పేల్చే సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లే ఉండేవి. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ 13వ బెటాలియన్ జవాన్లు ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మంది అమరులయ్యారు. సాధారణ ప్రజలు చెల్లించిన మూల్యమూ తక్కువది కాదు. అదే నెలలో మన దళాలు ప్రవేశించినప్పుడు జరిగిన కాల్పుల్లో జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, వైద్యులు, నర్సులు సహా 60 మందికి పైగా చనిపోయారు. సైనికుడిగా ఆ విషయం దాటవేసి మాట్లాడడం నాకు న్యాయంగా తోచదు.

అపోహ: అధికారులు వెనుక ఉండి ఆజ్ఞలు ఇస్తారు.

వాస్తవం: పదాతిదళంలో ప్లటూన్, కంపెనీ అనే చిన్న దళాల నాయకులు జవాన్లతో కలిసే నడుస్తారు. పక్కన రేడియో ఆపరేటర్ ఉన్న మనిషిని, భుజంపై హోదా చిహ్నాలు ఉన్న మనిషిని శత్రువు ముందుగా గురిచూసేవాడు. అందుకే ఆ చిహ్నాలు తీసివేసేవాళ్లం. మహార్ రెజిమెంటు 8వ బెటాలియన్‌కు చెందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ 1987 నవంబరు 25న గాలింపు నుంచి తిరిగివస్తుండగా జరిగిన మెరుపుదాడిలో, ఛాతీలో గుండు దిగిన తరువాత కూడా ఎదుటివాడి రైఫిల్ లాక్కొని అతణ్ణి కాల్చి, ప్రాణం పోయేవరకు తన మనుషులకు ఆదేశాలు ఇస్తూనే ఉన్నారు. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర లభించింది.

అపోహ: మన సైన్యాన్ని ఓడించి తరిమేశారు.

వాస్తవం: ఒప్పందం ఆశించిన శాంతి రాలేదు, అది ఒప్పుకోవాలి. అయితే ఉపసంహరణ రాజకీయ నిర్ణయం. శ్రీలంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస 1989లో దళాలు వెళ్లిపోవాలని కోరారు, ఢిల్లీలోనూ ప్రభుత్వం మారింది. చివరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి బయలుదేరింది.

అపోహ: ఆ అమరులకు ఎక్కడా స్మారకం లేదు.

వాస్తవం: శ్రీలంక పార్లమెంటు సమీపంలో ఒకటి, పలాలీలో మరొకటి ఉన్నాయి. 2019లో ప్రారంభమైన ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం గోడలపైనా వారి పేర్లు చెక్కారు. మన జిల్లాల కుటుంబాలు ఢిల్లీ వెళ్లినప్పుడు సైనికుడి పేరు, రెజిమెంటు వివరాలు రాసిపెట్టుకొని వెళితే, ఏ పలకపై ఉందో అక్కడ వెతికి చూసుకోవచ్చు.