సైటు పడిపోతే ర్యామ్ కొనడమేనా? పీహెచ్‌పీ సర్వర్లపై అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో కూర్చుని చీమకుర్తి గ్రానైట్ వాళ్లవీ, నెల్లూరు వైపు రొయ్యల మేత డీలర్లవీ సైట్లు చూసుకుంటుంటాను. దాదాపు అన్నీ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవే.

అపోహ: వర్కర్లు (వచ్చిన రిక్వెస్టుల్ని పట్టుకునే సర్వర్ ప్రాసెస్‌లు) ఎంత ఎక్కువుంటే సైటు అంత తట్టుకుంటుంది.

నేనూ నమ్మి దెబ్బతిన్నాను. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర జనం దిగేసరికి ఒక లాడ్జి బుకింగ్ సైటు పడిపోయింది. "ఏందన్నా, గదులుండాయి, సైటే లేవట్లేదు" అని ఫోను. అది అపాచీ అనే వెబ్ సర్వర్ మీద ఉంది. పీహెచ్‌పీని అపాచీ లోపలే నడిపే మాడ్ పీహెచ్‌పీ, అంటే ఒక్కో రిక్వెస్టుకి ఒక్కో ప్రాసెస్ పట్టే ప్రీఫోర్క్ పద్ధతి. దాంట్లో మ్యాక్స్ రిక్వెస్ట్ వర్కర్స్, అంటే వర్కర్ల గరిష్ఠ సంఖ్య, డిఫాల్టుగా 256. ఎక్కువే మంచిదిలే అని వదిలేశాను. అక్కడ ఒక్కో ప్రాసెస్ 60 ఎంబీ దాకా తింటోంది. 256 నిండితే 15 జీబీ కావాలి. ఉన్నది 4. ర్యామ్ చాలక డిస్కుని వాడే స్వాప్‌లో పడి నీల్గి నీల్గి, చివరికి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్‌నే చంపేసింది.

వాస్తవం: ముందు భాగహారం. 4 జీబీలో డేటాబేస్‌కి 1, మిగతావాటికి అర తీసేస్తే రెండున్నర. 60తో భాగిస్తే నలభై పైచిలుకు. నేను 35 పెట్టాను. ముప్పై ఆరో మనిషి కాసేపు ఆగుతాడు, అంతే. పీహెచ్‌పీని వెబ్ సర్వర్‌కి బయట విడిగా నడిపే ఎఫ్‌పీఎంది దీనికి రివర్సు: పూల్ (ఒక వర్కర్ల గుంపు) ఫైల్లో మ్యాక్స్ చిల్డ్రన్, అంటే వర్కర్ల పరిమితి, 5తో వస్తుంది. అక్కడ పెంచుకోవాలి, ఇదే లెక్కతో.

అపోహ: అపాచీ వదిలి ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌కి మారితే పీహెచ్‌పీ పరిగెడుతుంది.

వాస్తవం: ఇంజిన్‌ఎక్స్ పీహెచ్‌పీని నడపదు, ఎఫ్‌పీఎంకి అందిస్తుంది. అపాచీ 2.4లో ప్రీఫోర్క్ బదులు ఈవెంట్ అనే పద్ధతి పెట్టుకున్నా అదే ఎఫ్‌పీఎం. లాభం ఇంకోచోట ఉంది: మాడ్ పీహెచ్‌పీలో గ్రానైట్ పలక ఫొటో ఒకటి పంపడానికి కూడా పీహెచ్‌పీని మోస్తున్న ప్రాసెసే కదలాలి, ఎఫ్‌పీఎం విడిగా ఉంటే ఆ బరువు ఉండదు. ఆ లాభం అపాచీతోనూ దొరుకుతుంది కాబట్టి, హెచ్‌టీయాక్సెస్ (ఫోల్డర్లో పెట్టే అపాచీ సెట్టింగుల ఫైలు) నియమాలు చాలా ఉన్న పాత సైటైతే నేను అపాచీనే ఉంచుతాను. ఇంజిన్‌ఎక్స్ ఆ ఫైలు చదవదు, అన్నీ తిరగరాయాలి.

అపోహ: నడిచే వెర్షన్ని కదపకపోవడమే స్థిరత్వం.

వాస్తవం: పీహెచ్‌పీ 7.4కి భద్రతా సవరణలు 2022 నవంబరులోనే ఆగిపోయాయి. అలాగని కొత్తది వచ్చిన రోజే ఎక్కించను. ఎఫ్‌పీఎంలో రెండు వెర్షన్లు పక్కపక్కనే నడుస్తాయి. ముందు నా సొంత సైటు మారుస్తాను, ఎర్రర్ లాగ్ ఓ వారం చూస్తాను, తర్వాతే డీలర్లవి.

ఇక ఫోల్డర్‌కి 777, అంటే ఎవరైనా చదివి రాసే అనుమతి, ఇస్తే పర్మిషన్ల గొడవ పోతుందంటారు. ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీయడం అది. సైటుకొక పూల్, పూల్‌కొక యూజర్ పెట్టండి, చాలు.