పాత బొమ్మ విమానాల (మోడల్ ఎయిర్‌క్రాఫ్ట్) ఇంజన్లు విప్పి బిగించడం: అపోహలు - వాస్తవాలు

సెకండ్‌హ్యాండ్ గ్లో ఇంజన్లు (గ్లో ప్లగ్ అనే వేడి తీగతో ఫ్యూయెల్ మండించే చిన్న ఇంజన్లు) గాల్లో కంటే టేబుల్ మీదే ఎక్కువ పాడవుతున్నాయి, అది చూస్తే నిజంగా బాధేస్తుంది, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: తిరగట్లేదు, అంటే సీజ్ అయిపోయింది.
చాలాసార్లు అది ఆముదం అండీ. గ్లో ఫ్యూయెల్‌లో మిథనాల్‌తో పాటు ఆముదం కలుపుతారు కదా, ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే అది ఎండిపోయి జిగురులా పట్టేస్తుంది. ప్రాప్ (ప్రొపెల్లర్) పట్టుకుని బలంగా తిప్పారంటే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. హీట్ గన్‌తో నిదానంగా వేడి చేయండి, అదే వదులవుతుంది. వేడి చేసేటప్పుడు ఫ్యూయెల్ సీసా దగ్గర్లో పెట్టుకోవద్దు.

అపోహ: పిస్టన్ పైకొచ్చేసరికి టైట్‌గా పట్టేస్తోంది, దాన్ని ఎమెరీ పేపర్‌తో రుద్దాలి.
దయచేసి రుద్దకండి! ఏబీసీ ఇంజన్ అంటే అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి లైనర్ (పిస్టన్ కదిలే లోపలి గొట్టం). ఆ లైనర్ పైకెళ్లేకొద్దీ కాస్త ఇరుకవుతుంది, చల్లగా ఉన్నప్పుడు పైన పట్టేయాలి కూడా, నడిచేటప్పుడు పై భాగమే బాగా వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి అప్పుడు సరిగ్గా సరిపోతుంది. రుద్దితే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే బిగువు) పోతుంది, మళ్లీ రాదు. ఇంకో ఇంజన్ పిస్టన్ తెచ్చి వేసినా లాభం లేదు, సైజు ఒకటే అయినా సరే, పిస్టన్, లైనర్ రెండూ ఒక జతగా ఫిట్ చేసినవి.

అపోహ: పిస్టన్ గుండ్రంగానే ఉంది కదా, ఎటు పెట్టినా ఒకటే.
పాత క్రాస్‌ఫ్లో ఇంజన్లలో (ఫ్యూయెల్ గాలి ఒక పక్క నుంచి వచ్చి, పొగ ఎదురు పక్క నుంచి పోయేవి) పిస్టన్ నెత్తి మీద చిన్న గోడలా బాఫిల్ ఉంటుంది. దాని నిటారుగా ఉన్న ముఖం ట్రాన్స్‌ఫర్ పోర్ట్ (ఫ్యూయెల్ గాలి లోపలికొచ్చే రంధ్రం) వైపు, అంటే ఎగ్జాస్ట్‌కి అవతలి పక్క ఉండాలి. సిలిండర్ పై మూత, అంటే హెడ్ లోపల దానికోసం గాడి ఉంటుంది, తిరగేసి పెడితే బాఫిల్ వెళ్లి హెడ్‌కి కొట్టుకుంటుంది. గుర్తుపట్టడం ఎలా అంటే వాడిన పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు నల్లగా కాలిన మరక ఉంటుంది, కడిగే ముందే అది చూసుకుని ఫొటో తీసి పెట్టుకోండి, కడిగాక ఆ ఆనవాలు ఉండదు. కనెక్టింగ్ రాడ్‌కి కూడా దిశ ఉంటుంది, కింది రంధ్రానికి ఒక పక్క అంచు చెక్కి ఉంటే ఆ పక్క క్రాంక్ డిస్క్ (క్రాంక్ షాఫ్ట్ చివరి గుండ్రటి పళ్లెం) వైపు రావాలి.

అపోహ: స్క్రూ పడితే చాలు.
కాక్స్, ఫాక్స్ లాంటి అమెరికా ఇంజన్లవి అంగుళాల మరలు, ఓఎస్, ఎన్యా లాంటి జపాన్‌వి మెట్రిక్. వేళ్లతో రెండు చుట్లు ఎక్కకపోతే ఆపేయండి, ఇంజన్ కేస్ మెత్తటి అల్యూమినియం, మర చెడిపోతుంది.

అపోహ: ప్లగ్ రంధ్రం లేదు, హెడ్ ఎవరో మార్చేశారు.
అది డీజిల్ రకం మోడల్ ఇంజన్ అయ్యుండొచ్చు. పైన ప్లగ్ బదులు తిప్పే చిన్న కడ్డీ ఉంటుంది, దాంతోనే కంప్రెషన్ సెట్ చేస్తారు, ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఫ్యూయెల్ మీద నడుస్తుంది. బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఆ కడ్డీని కాస్త వెనక్కి తిప్పి మొదలుపెట్టండి, సిలిండర్‌లో ఫ్యూయెల్ నిండి ఉండగా ప్రాప్‌ని గట్టిగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ విరుగుతుంది.