మలేరియా మన ఒంట్లో ఎలా దాక్కుంటుంది?

హైదరాబాద్

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

బేగంపేటలో రొనాల్డ్ రాస్ పరిశోధన చేసిన పాత భవనాన్ని మీలో కొందరు చూసి ఉంటారు. 1897 ఆగస్టు 20న ఆయన, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ పరాన్నజీవిని గుర్తించారు. ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. తనను కుట్టిన ఒక్కో దోమకూ అతనికి ఒక అణా ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు కూడా మీరు గుర్తుంచుకోవాలని నా కోరిక.

దోమ కుట్టాక జరిగేది నాకు ఇంకా అద్భుతంగా తోస్తుంది. మామూలు కణంలోకి క్రిమి చొరబడితే, ఆ కణం క్రిమి తునకలను తన పైపొర మీద బయటపెడుతుంది. వాటిని గుర్తుపట్టి, మన ఒంటిని కాపాడే టీ కణాలు (T cells) ఆ కణాన్ని చంపేస్తాయి. ఎర్ర రక్తకణానికి ఆ ఏర్పాటు లేదు, కేంద్రకమే లేదు. మలేరియా క్రిమి చేరేది అందులోనే!

అయితే క్రిమి చేరి బిరుసెక్కిన రక్తకణాలను ప్లీహం అనే అవయవం వడగడుతుంది. అక్కడికి పోకుండా ఫాల్సిపారం అనే రకం తన ప్రోటీన్ ఒకటి రక్తకణం పైకి పంపి, సన్నని రక్తనాళాల గోడలకు దాన్ని అతికిస్తుంది. మెదడులో ఇలా జరిగితే ప్రాణానికే ముప్పు.

బయటికి కనిపించే ఆ ప్రోటీన్ మీదికి మన శరీరం యాంటీబాడీలను పంపుతుంది. ఈలోగా కొన్ని క్రిములు, పగటివేషగాళ్లలా, వేషం మార్చేస్తాయి. ఆ ప్రోటీన్ రకరకాల రూపాలకు దాదాపు 60 జన్యువులున్నాయి. ఒక్కో క్రిమి ఒకసారికి ఒక్కటే వాడి, మిగతావాటిని మూసి ఉంచుతుంది. అన్నీ ఒకేసారి చూపితే శరీరం అన్నింటినీ నేర్చేసుకుంటుంది కదా! పాత వేషంలో ఉన్నవి చస్తుంటే, కొత్త వేషంలో ఉన్నవి పెరుగుతాయి. ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా ఉన్నచోట పిల్లలు ఒక్కో రూపాన్నీ జ్వరాలు భరించి నేర్చుకుంటూ పెరుగుతారు. ఎందరో అయిదేళ్లు నిండకుండానే చనిపోతారు. అది తలచుకుంటే నాకు మనసు ఆగదు.

టీకా తయారుచేసినవారు ఈ వేషాల జోలికి పోలేదు. దోమ వదిలాక కాలేయాన్ని చేరేలోగా క్రిమికి ఉండే తొలి రూపాన్ని గురిపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక టీకాను, 2023లో మరొకదాన్ని పిల్లల కోసం సిఫారసు చేసింది. రెండోది పుణెలో తయారవుతోంది. ఒక్క క్రిమి తప్పించుకుని కాలేయంలో దూరినా వేలకొద్దీ అయి రక్తంలోకి వస్తుంది. అందుకే ఇవి ఇంకా అందరినీ కాపాడలేకపోతున్నాయి.

ఇట్లు,
మీ తాతయ్య